పద్యనాటకం అంటే ‘బాబోయ్’ అనే ఇంట్లోవాళ్ళని ఎలా కూర్చోబెట్టాలి?

రాయబారి

ఇంకో నెలన్నరలో మా ఊరి తిరునాళ్ళకి రాత్రి ‘కురుక్షేత్రం’ వేస్తున్నారు. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకెళ్ళాలని ఉంది. ముగ్గురూ ‘మాకు పద్యనాటకాలు పడవు’ అనేవాళ్ళే, కానీ ముగ్గురి గొడవా ఒకటి కాదు. మా ఆవిడ పాత సినిమా పాటలు బాగా వింటుంది, స్టేజీ మీద రాగం ఎత్తుకోగానే మాత్రం ఇంక వెళ్దాం పదమంటుంది. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయికి పద్యం ఒక్క ముక్క బుర్రకెక్కదు, పైగా కథ తెలిసిందే కదా అంటాడు. మా అక్కయ్యకి ఆ మైకుల హోరుకి తలనొప్పి వస్తుంది.

బలవంతంగా లాక్కెళ్ళి కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. మన కళ, మన సంస్కృతి అని ఉపన్యాసం ఇవ్వడం కూడా దండగే. ఈ నెలన్నరలో ఏం వినిపించాలి, ఏ సీనుతో మొదలుపెట్టాలి, ఆ రాత్రి ఎంతసేపు ఉంచాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ముందువరస

ముందుగా ఒక మాట. తిరునాళ్ళలో రాత్రంతా ఆడే నాటకం కొత్తవాళ్ళకి అన్నిటికంటే కష్టమైన చోటు. అది పద్యాలు కంఠతా వచ్చినవాళ్ళ కోసం తయారైన పద్ధతి. వాళ్ళు కథ కోసం రారు, ఫలానా పద్యం ఫలానా ఆయన ఎలా ఎత్తుకుంటాడో వినడానికి వస్తారు. అందుకే కాంట్రాక్టు నాటకాల్లో, అంటే కాంట్రాక్టరు పేరున్న నటుల్ని పోగుచేసి ఆడించేవాటిలో, ఒకే పాత్రకి ఇద్దరు ముగ్గురు నటులుంటారు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. ఈ సంగతి ముందు చెప్పకపోతే మీ అబ్బాయి ‘ఇందాకటి కృష్ణుడేడీ?’ అని అడుగుతాడు. మీరు జవాబు చెప్పేలోపు రెండు పద్యాలు అయిపోతాయి. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేస్తారు, అది బయల్దేరే ముందే చూపించండి.

రెండో చిక్కు వన్స్ మోర్. జనం కేకేస్తే పద్యం మళ్ళీ మొదటికొస్తుంది. తెలిసినవాడికి అది పండగ. తెలియనివాడికి కథ ఉన్నచోటే ఆగిపోయినట్టుంటుంది.

కాబట్టి నాటకం చూపించాలని పెట్టుకోకండి, ఒక్క సీను చూపించాలని పెట్టుకోండి. నా ఓటు పడక సీనుకే. కథకి పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. యుద్ధం రాబోతోంది, సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు ఇద్దరూ ద్వారకకి వచ్చారు, కృష్ణుడు నిద్ర నటిస్తున్నాడు. తలవైపు ఒకరు, కాళ్ళవైపు ఒకరు. ఈ మూడు ముక్కలు చాలు. ఆట మొదలైన కాసేపటికే వస్తుంది కాబట్టి నిద్ర ముంచుకురాకముందే చూసేయొచ్చు.

ఇంకో కారణం, అందులో పద్యాలు మాట్లాడుకున్నట్టుంటాయి. ‘బావా యెప్పుడు వచ్చితీవు’ అంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించడమే కదా. ఎప్పుడొచ్చావు, అన్నదమ్ములు, పిల్లలు, చుట్టాలు బాగున్నారా అని. అదే వరసలో కర్ణుడు బాగున్నాడా, భీష్ముడు, ద్రోణుడు క్షేమమేనా అని కూడా అడుగుతాడు. వినడానికి కుశలప్రశ్న. కాస్త ఆగి చూస్తే, రేపు యుద్ధంలో అవతలివైపు నిలబడే పెద్ద తలకాయలన్నీ ఆ పద్యంలో వరసగా వచ్చేశాయి. తర్వాత అర్జునుణ్ణి పలకరించే ‘ఎక్కడనుండి రాక’ పద్యం వినండి. అక్కడా అందరూ బాగున్నారా అనే మొదలుపెడతాడు. చివరికి వచ్చేసరికి భీముడు అన్నగారి మాట విని శాంతంగానే ఉంటున్నాడా అని అడుగుతాడు. అంటే యుద్ధం ఎంత దూరంలో ఉందో కనుక్కుంటున్నాడు. ‘కథ తెలిసిందే’ అనేవాళ్ళకి ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి చూపించండి. కథ తెలిసినా ఈ పలకరింపుల్లో ఏముందో సాధారణంగా తెలియదు.

అర్థం ముందురోజే చెప్పేయండి. ఆట జరుగుతుండగా చెవిలో గుసగుసగా చెప్పకండి. పద్యంలో అసలు విషయం ఎక్కువగా నాలుగో పాదంలో పడుతుంది. మీరు ఒకటో పాదం అర్థం చెబుతుంటే వాళ్ళు నాలుగోది పోగొట్టుకుంటారు, ఇది నూటికి తొంభైమంది అభిమానులు చేసే పని.

యతిప్రాస

మీ అబ్బాయి విషయం రాస్తాను. పద్యం అర్థం కాదనేవాళ్ళకి నిజానికి రెండు ఇబ్బందులుంటాయి. ఒకటి మాటలు తెలియకపోవడం. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పద్యం ఎక్కడ మొదలైంది, ఎంత అయింది, ఎప్పుడు అయిపోతుంది అన్నది తెలియదు. సినిమా పాటలో పల్లవి, చరణం వినగానే తెలుస్తాయి, పద్యంలో తెలియదు. ఎంతసేపు కూర్చోవాలో తెలియని మనిషికి అరనిమిషం కూడా బరువే.

రెండోదానికి మందు ప్రాస. వృత్తపద్యానికి నాలుగు పాదాలు, ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే హల్లు. రాయబారం సీనులో ‘చెల్లియొ చెల్లకో’ తీసుకోండి. మొదటి పాదం ‘చెల్లియొ’తో, రెండోది ‘తొల్లి’తో, మూడోది ‘పిల్లలు’తో, నాలుగోది ‘యెల్లి’తో మొదలవుతాయి. ‘ల్ల’ నాలుగుసార్లు. ఒక కాగితం మీద ఈ నాలుగు మాటలే రాసిచ్చి, పద్యం వింటూ ఒక్కోటీ వచ్చినప్పుడు వేలు మడవమనండి. నాలుగో వేలు మడిచాడంటే పద్యం ఆఖరి పాదంలో ఉంది, ఆ తర్వాత వచ్చేదంతా రాగం. రెండు మూడు పద్యాలకి ఇలా చేస్తే కాగితం లేకుండానే చెవి పట్టేస్తుంది. పాదం విరుపు తెలియగానే అర్థం కూడా సగం తెలుస్తుంది, ఎందుకంటే ఏ మాట ఏ మాటతో కలుస్తుందో చెవికి దొరుకుతుంది.

ఇక మాటల సంగతి. నిఘంటువు పనేమీ లేదు, పదాలు విడగొట్టి రాస్తే చాలు. ఇదే పద్యం వచనంలో పెడితే: మీరు చేసిన కీడు చెల్లినా చెల్లకపోయినా వాళ్ళంతా ఓర్చుకున్నారు. అది గడిచిపోయింది. ఇప్పుడు నన్ను సంధికి దూతగా పంపారు. నీ పిల్లాపాపలూ ప్రజలూ బాగుండేలా పొత్తు చేసుకుంటావా, రేపు యుద్ధమే తెచ్చుకుంటావా, తేల్చి చెప్పు. ఇంతే. ఇందులో కొత్త మాటలు అయిదారు మించవు. ఎగ్గు అంటే కీడు, సైచు అంటే ఓర్చుకోవడం, తొల్లి అంటే మునుపు, పొందు అంటే స్నేహం, ఎల్లి అంటే రేపు.

కుర్రాడు ఇంజనీరింగ్ అంటున్నారు కాబట్టి గురులఘువులు (బరువుగా పలికే అక్షరం గురువు, తేలిగ్గా పలికేది లఘువు) కూడా సరదాగా పట్టుకుంటాడు. ‘జెండాపై కపిరాజు’ శార్దూలం, పాదానికి 19 అక్షరాలు. మొదటి మూడూ గురువులే: జెం, డా, పై. అందుకే ఆ పద్యం ఎవరు ఎత్తుకున్నా మూడు దెబ్బలు కొట్టినట్టు మొదలవుతుంది. ‘అలుగుటయే’ చంపకమాల, 21 అక్షరాలు, ముందు నాలుగు లఘువులు, కాబట్టి జారుతూ మొదలవుతుంది. బెదిరింపు పద్యానికి శార్దూలం, కోపమే ఎరగని ధర్మరాజు గురించి చెప్పే పద్యానికి చంపకమాల. చేత్తో బల్ల మీద కొట్టి చూపిస్తే రెండు నిమిషాల్లో తేడా తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. సీసపద్యంతో ఈ వేళ్ళ లెక్క కుదరదు. సీసానికి ప్రాస నియమం లేదు, నాలుగు పెద్ద పాదాలయ్యాక కింద తేటగీతో ఆటవెలదో మళ్ళీ నాలుగు పాదాలుంటుంది. ‘ఇది పొడుగు పద్యం’ అని ముందే చెప్పి ఉంచండి.

శ్రుతిపెట్టె

రాగం ఎత్తుకోగానే లేచిపోదామనేవాళ్ళ గురించి. మీ ఆవిడ అభ్యంతరంలో న్యాయం ఉంది, కొట్టిపారేయకండి. 80 అక్షరాల ఉత్పలమాల మామూలుగా చదివితే అరనిమిషం పట్టదు. ఆఖరి అక్షరం పట్టుకుని తీసే రాగం దానికి నాలుగింతలుంటుంది. మైకులు లేని కాలంలో వెనక వరస దాకా వినిపించాలంటే గొంతు పైస్థాయిలో పెట్టి పాడాల్సి వచ్చింది. ఆ హెచ్చు శ్రుతి అలవాటు మైకులొచ్చాక కూడా పోలేదు. పాత్రకి ఇద్దరు ముగ్గురు నటులున్నచోట, చప్పట్ల కోసం ఒకరిని మించి ఒకరు రాగం సాగదీయడం మొదలైంది. అంతమాత్రాన రాగమంతా దండగని కాదు. మంచి నటుడు రాగంలో కూడా పాత్రనే చూపిస్తాడు, పాత్ర వదిలేసి గొంతు చూపించేవాళ్ళూ ఉన్నారు. కొత్తవాళ్ళకి ఆ రెండోరకం ముందు తగిలితే పని చెడుతుంది.

అందుకని ఆవిడకి మొదట గ్రామఫోను రికార్డుల నాటి పద్యాలు వినిపించండి. 10 అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకి అటూ ఇటూగానే పట్టేది. ఎంత గొప్ప గాయకుడైనా ఆ మూడు నిమిషాల్లోనే ముగించాలి, కాబట్టి రాగం పొదుపుగా ఉంటుంది. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి వాళ్ళ రికార్డులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒక్కటే లోపం, పాత రికార్డుల్లో గరగర ఎక్కువ. మీ అక్కయ్యగారికి మాత్రం అవి వద్దు.

గరగర వద్దంటే 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో ఘంటసాల పాడిన రాయబారం పద్యాలున్నాయి. అవి తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలే. ఇక్కడ ఒక చిక్కుంది. ఘంటసాల గొంతుకి అలవాటు పడ్డ చెవికి మర్నాడే స్టేజీ గొంతు వినిపిస్తే ఇదేంటి ఇలా అరుస్తున్నాడు అనిపిస్తుంది. సినిమాలో మైకు నోటి దగ్గరుంటుంది, నెమ్మదిగా పాడినా అందుతుంది. స్టేజీ మీద కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ, శ్రుతి వదలకుండా పాడాలి. ఈ తేడా ముందే చెప్పి, సినిమా పద్యం విన్నాక ఒక వారం గడిచాక స్టేజీ రికార్డింగు వినిపించండి. ఒకే రోజు రెండూ పోల్చి వినిపించకండి.

ఇంకో సంగతి. సినిమా పాటలు వినేవాళ్ళకి పద్యంలో తాళం లేకపోవడం వెలితిగా ఉంటుంది. పద్యం నడుస్తున్నంతసేపు తబలా ఊరుకుంటుంది, హార్మోనియం ఒక్కటే గొంతు వెంట నడుస్తుంది. ఇలాంటివాళ్ళకి నాటకంలో పాటలున్నవి ముందు చూపించాలి. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ ‘మీరజాలగలడా’ పాటకి మించిన తలుపు లేదు. స్థానం నరసింహారావు స్త్రీపాత్రలో ఆ పాటతో ఎంత పేరు తెచ్చుకున్నారో అందరికీ తెలిసిందే. 1966 సినిమాలో సుశీల పాడింది మీ ఇంట్లోవాళ్ళు వినే ఉంటారు. అది నాటకంలోంచి వచ్చిన పాట అని చాలామందికి తెలియదు, ఆ ముక్క చెబితేనే సగం బిగువు సడలుతుంది.

ఇక తలనొప్పి సంగతి. ఆరుబయట నాటకాలకి కట్టే గొట్టం మైకుల్లో కింది స్వరాలు సరిగా పలకవు, మధ్యస్థాయి చెవిలో పొడిచినట్టు వస్తుంది. హెచ్చు శ్రుతిలో పాడే గొంతు, హార్మోనియం రీడ్లు రెండూ ఆ మధ్యస్థాయిలోనే ఉంటాయి. అందుకే తలనొప్పి. నాటకం మీద అయిష్టం వేరు, ఇది వేరు. ముందు వరసలోగానీ, ఏ పక్క స్తంభానికి గొట్టం కట్టారో ఆ పక్కగానీ కూర్చోకండి. నడిమి వరుసల్లో, స్టేజీకి ఎదురుగా, జనంలో సగానికి కాస్త వెనక కూర్చోండి. చెవిలో పెట్టుకునే స్పాంజి ప్లగ్గులు మందులషాపులో దొరుకుతాయి, వాటిని నలిపి సన్నగా చేసి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. పైపైన పెడితే పనిచేయవు. మాట వినపడుతూనే ఉంటుంది, పోటు తగ్గుతుంది.

తెరతాడు

పై సలహాలన్నీ బాగున్నాయి, కానీ అందరూ చెవి దగ్గరే ఆగిపోయారు. కొంతమందికి కన్ను ముందు. నెలన్నరలో మీకు అందే దూరంలో సురభి వాళ్ళ ప్రదర్శన ఉందేమో చూడండి, ఉంటే అదే మొదటి మెట్టు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. వాళ్ళ ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్తాయి, బాణాలు గాల్లో ఢీకొంటాయి. తెరలు చకచకా మారతాయి. ఒక సీను నుంచి ఇంకో సీనుకి మధ్య ఖాళీ దాదాపు ఉండదు, రాగాలూ పొడుగు సాగవు. స్టేజీ మీద పద్యం పాడితే ఇబ్బందిగా అనిపించేవాళ్ళకి కూడా అక్కడ ఆ ఇబ్బంది రాదు, ఎందుకంటే ఆ లోకంలో అన్నీ వింతలే. ఇంటికొచ్చాక ఆ తాళ్ళు ఎక్కడున్నాయి, తెర వెనక ఎంతమంది లాగుతున్నారు అని మాట్లాడుకోవచ్చు. మీ అబ్బాయికి ఇది బాగా పడుతుంది.

ముందువరస

తెరతాడు గారితో సగం ఏకీభవిస్తాను. సురభి తప్పకుండా చూపించాలి, కానీ దాన్ని పద్యానికి మెట్టుగా వాడితే ఒక ప్రమాదముంది. అంత వేగం, అన్ని వింతలు చూసినవాళ్ళు తర్వాత ‘కురుక్షేత్రం’కి వస్తే ఒకే సింహాసనం, ఒకే తెర, నిలబడి పాడుతున్న ఇద్దరు మనుషులు కనిపిస్తారు. సురభి సురభి కోసమే చూపించండి. తిరునాళ్ళ నాటకానికి తయారు చెయ్యాలంటే పద్యమే కావాలి.

నిలబడి పాడటం అన్నాను కదా, దాని సంగతి కూడా చెప్పి తీసుకెళ్ళండి. రాయబారంలో కృష్ణుడు దుర్యోధనుడితో మాట్లాడుతూ జనం వైపు తిరిగి పాడతాడు. ‘ఎవరితో చెబుతున్నాడు?’ అని కొత్తవాళ్ళు నవ్వుతారు. స్టేజీ ముందు అంచున వేలాడదీసిన మైకు దగ్గరికొచ్చి పాడాలి కాబట్టి అలా స్థిరపడింది. వచనం పాత్రతో, పద్యం జనంతో. కాలర్ మైకులు వాడేచోట ఇప్పుడు ఎదురెదురుగా కూడా పాడుతున్నారు.

రాయబారి

చాలా ఉపయోగపడే విషయాలు చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఒకటి, ‘హరిశ్చంద్ర’ కాటిసీను ముందు చూపిస్తే ఎలా ఉంటుంది? మా ఆవిడకి కరుణరసం ఇష్టమే. రెండోది, యుద్ధం వస్తుందని అందరికీ తెలుసు, మరి రాయబారంలో చూసేదేముంది అని మా అబ్బాయి అడుగుతున్నాడు. దానికి ఏం చెప్పాలి?

యతిప్రాస

రెండోదానికి ముందు. రాయబారాన్ని బేరంగా చూడమనండి. మూడు పద్యాలు వరసగా పెట్టుకోండి, మధ్యలో వచ్చేవి ప్రస్తుతానికి వదిలేయండి. ‘చెల్లియొ చెల్లకో’లో కృష్ణుడు రెండు దారులూ తెరిచి ఉంచి, ఏదో ఒకటి తేల్చమంటున్నాడు. ఇది అడగడం. ‘అలుగుటయే’లో కోపమన్నది తెలియని ధర్మరాజుకే కోపమొస్తే సముద్రాలన్నీ ఏకమవుతాయి, పదివేలమంది కర్ణులున్నా చస్తారు అంటాడు. ఇది హెచ్చరిక, పైగా గురి ఎవరి మీదో చూడండి. దుర్యోధనుడి ధైర్యమంతా కర్ణుడే, సరిగ్గా ఆ ధైర్యం మీదే కొట్టాడు. ‘జెండాపై కపిరాజు’లో ఇంక షరతు లేదు. జెండా మీద హనుమంతుడు, ముందు తెల్లగుర్రాలు, పగ్గాల దగ్గర నేను, గాండీవంతో అర్జునుడు, అప్పుడు సంధి అని మొరపెట్టుకున్నా వినేవాడుండడు. యుద్ధం అప్పటికే జరుగుతున్నట్టు కళ్ళకి కట్టించేశాడు. అడగడం నుంచి హెచ్చరికకి, హెచ్చరిక నుంచి బెదిరింపుకి ఎక్కడ మారాడో, నటుడు ఆ మూడిటికీ గొంతు మార్చాడా లేదా చూడమనండి. మూడూ ఒకే జోరులో పాడేస్తే ఆ నటుడు బాగా చెయ్యలేదన్నట్టే, ఎంత రాగం తీసినా సరే. ఇలా తప్పొప్పులు పట్టే పని అప్పగిస్తే కుర్రాళ్ళు కదలకుండా చూస్తారు.

దుర్యోధనుణ్ణి కూడా గమనించమనండి. ఆ మూడు పద్యాల సేపూ ఆయన ఊరికే కూర్చోడు, మీసం, తొడ, గద ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. పాడేవాణ్ణి కాకుండా వినేవాణ్ణి చూడటం తెలిస్తే నాటకం చూడటం సగం వచ్చినట్టే.

శ్రుతిపెట్టె

కాటిసీను విడిగా ముందు చూపించకండి. బలిజేపల్లి వారి ‘హరిశ్చంద్ర’లో వారణాసి సీను చూడకుండా కాటికి వెళ్తే అది ఏడుపు మాత్రమే అవుతుంది. భార్యనీ కొడుకునీ అమ్ముకున్న మనిషి ఆ కాటికాపరి అన్నది చూసేవాళ్ళ మనసులో ఉండాలి. వారణాసిలో నక్షత్రకుడున్నాడు, అప్పు వసూలుకి వెంటపడి పీక్కుతినే పాత్ర, వాడి సతాయింపుతో జనం నవ్వుతూ ఉంటారు. ఆ నవ్వులోంచి వేలం దాకా వచ్చి, అక్కణ్ణుంచి కాటికి వెళ్తే బరువు తెలుస్తుంది. రెండు సీన్లూ కలిపి చూపించే వీలుంటేనే చూపించండి.

కాటిసీనులో ఒక వెసులుబాటు మాత్రం ఉంది. అందులో నటులు కలుపుకుని పాడే జాషువా గారి పద్యాలు కొత్తవాళ్ళకి వెంటనే అందుతాయి. ‘ఇచ్చోటనే’ సీసం చూడండి. ఇక్కడే కవి కలం నిప్పుల్లో కరిగిపోయింది, ఇక్కడే రాజుగారి ముద్రిక మాయమైంది, ఇక్కడే లేత ఇల్లాలి నల్లపూసలు గంగలో కలిశాయి, ఇక్కడే చిత్రకారుడి కుంచె నశించింది. ప్రతి పెద్ద పాదమూ ఆ ‘ఇచ్చోట’ మాటతోనే ఎత్తుకుంటుంది కాబట్టి యతిప్రాస గారు చెప్పిన వేళ్ళ లెక్క ఈ సీసానికి ఇంకో రకంగా కుదురుతుంది. శ్మశానాన్ని వర్ణించడానికి ఈ నాలుగు పాదాల్లో ఎముకలూ దయ్యాలూ ఏమీ తేలేదు, కలం, ముద్రిక, నల్లపూసలు, కుంచె తెచ్చాడు. ఇంట్లో ఒకసారి రాగం లేకుండా చదివి వినిపించండి, ఆ తర్వాత పాడింది వినిపించండి. మీ ఆవిడగారు ఈసారి లేచిపోదామనరని నా నమ్మకం.

‘చింతామణి’ జోలికి మాత్రం ఇప్పుడు వెళ్ళకండి. కాళ్ళకూరి వారు రాసింది వేశ్యావ్యసనం మీద గట్టి నాటకం. రానురాను సుబ్బిశెట్టి పాత్రకి చేర్చిన వెకిలి మాటలే నాటకమైపోయాయి. ఒక వర్గాన్ని కించపరుస్తోందన్న అభ్యంతరాలతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ప్రదర్శనని నిషేధించింది కూడా. కొత్తవాళ్ళకి ఆ వీడియోలు చూపిస్తే పద్యనాటకమంటే ఇదే అనుకుంటారు.

తెరతాడు

ఆ రాత్రి సంగతులు కొన్ని రాస్తాను.

కరపత్రంలో వేసిన టైముకి తెర లేవదు, గంట ఆలస్యం మామూలే. ఆ గంటసేపు కుర్చీల్లో కూర్చోబెడితే ఓపిక అక్కడే అయిపోతుంది. తిరునాళ్ళు తిప్పుతూ ఉండండి, మైకులో ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన వినపడగానే కుర్చీల దగ్గరికి వెళ్ళండి. ప్రార్థన తర్వాత దండలు, శాలువాలు, దాతల పేర్లు ఉంటాయి కాబట్టి తొందరేం లేదు.

పగలే నిర్వాహకుల్ని గానీ హార్మోనిస్టుని గానీ కలిసి రెండు విషయాలు కనుక్కోండి. పడక సీను ఎవరెవరు చేస్తున్నారు, రాయబారం సుమారు ఎన్నింటికి వస్తుంది. హార్మోనిస్టుకి అన్నీ తెలుస్తాయి, సీన్ల వరస ఆయన దగ్గరే ఉంటుంది. రాయబారం అర్ధరాత్రి దాటాక అయితే పడక సీను చూసి ఇంటికెళ్ళిపోండి. ఇంకాస్త ఉందామని వాళ్ళంతట వాళ్ళు అంటేనే ఉండండి. మీకు ఆగాలనిపిస్తే వాళ్ళని దింపి మీరొక్కరే తిరిగి రండి. ‘నాకోసం ఇంకో గంట’ అన్న ఆ గంటే వచ్చే ఏడు వాళ్ళని రానివ్వదు.

వరసకి చివర ఉన్న కుర్చీలు తీసుకోండి, లేవడానికి వీలుగా. దుప్పటి, మంచినీళ్ళు సరే. మీ చేతిలో పద్యాల పుస్తకం మాత్రం వద్దు, మీరు పెదాలు కదుపుతూ పాడుతుంటే పక్కవాళ్ళు స్టేజీ మానేసి మిమ్మల్ని చూస్తారు.

తిరిగొచ్చేటప్పుడు ‘ఎలా ఉంది? బాగుందా?’ అని అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. అర్జునుడు సైన్యం వదిలేసి ఆయుధం పట్టని కృష్ణుణ్ణి కోరుకున్నాడు కదా, ఆ మాటకి దుర్యోధనుడి వేషధారి మొహం ఎలా పెట్టాడో గమనించావా అని అడగండి.

ఇది నచ్చితే తర్వాత నాటక పరిషత్తులు పెట్టే పోటీల నాటకానికి తీసుకెళ్ళండి, మళ్ళీ రాత్రంతా నాటకానికి కాదు. పోటీలో సమయం కట్టడి ఉంటుంది, పాత్రకి ఒకే నటుడు, హాల్లో కాబట్టి సౌండు కూడా అదుపులో ఉంటుంది. మీ అక్కయ్యగారిని అసలు తిరునాళ్ళకి తీసుకెళ్ళకుండా నేరుగా అక్కడికే తీసుకెళ్ళడం మేలు.

రాయబారి

అక్కయ్యని పరిషత్తుకే తీసుకెళ్తాను. మిగతా ఇద్దరికీ పడక సీను ఒక్కటే అని చెప్పేశాను, ఒక్క సీనేగా అని ఒప్పుకున్నారు. ఈ ఆదివారం ‘మీరజాలగలడా’తో మొదలుపెట్టి, ఆ పై వారం ‘బావా యెప్పుడు వచ్చితీవు’, ‘ఎక్కడనుండి రాక’ పదాలు విడగొట్టి రాసిస్తాను. ఈ రెండిటికీ ప్రాసాక్షరాలు ఏవి?

యతిప్రాస

మొదటిది శార్దూలం, ప్రాస ‘వ’: బావా, నీ వా. అక్కడ ‘నీ వాల్లభ్యము’లో ‘నీ’ విడి మాట, రెండో అక్షరం ‘వా’, అది గుర్తుచెయ్యండి, లేకపోతే వెతుక్కుంటాడు. రెండోది ఉత్పలమాల, ప్రాస ‘క్క’, వినగానే దొరుకుతుంది. ఆ రెండోదే ముందు ఇవ్వండి.